కచేరి ముగిసిన పిమ్మట
(మాడపాటి హనుమంతరావుగారి జీవితము)

హైదరాబాదు నగరమునుండి ఆగ్నేయముగా పోవు బాట పట్టి కొన్ని క్రోసులు నడచినచో ఇబ్రహీంపట్నము వచ్చును. ఆ ఊరికి ప్రాణము అచ్చటి పెద్ద చెరువు. గోలకొండ రాజ్యమును 1550 మొదలు 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున ఆ చెరువు వెలసినది. ఊరికిని ఆయన పేరే నిలిచినది. ఈ సుల్తాను యౌవనమున ఏడేండ్లపాటు విజయనగరమున అళియ రామరాయల ఆశ్రయములో గడపినవాడు. తెలుగు కవిత్వపు రుచి తెలిసినవాడు. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. ఆయన కొలువులోని అధికారి యగు అమీన్‌ఖానుకు పొన్నికంటి తెలగన యయాతిచరిత్రమును అంకితమిచ్చెను. అచ్చతెలుగున పుట్టిన తొలి కావ్యము అదియే. తెలుగు కవులు ఆ ప్రభువును మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకొనిరి. చెరువు త్రవ్వించినవాడే కావ్యమును విన్నవాడు. ఆ నేలమీద తెలుగునకు అట్టి దినములు ఉండెను.

మూడువందల నలువది యేండ్లు గడచినవి. 1921వ సంవత్సరము నవంబరు మాసమున హైదరాబాదు వివేకవర్ధిని ప్రాంగణములో నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ జరుగుచుండెను. పూనానుండి వచ్చిన ఆచార్య ధోండో కేశవ కర్వే అధ్యక్షులు. కొందరు ఇంగ్లీషున మాటాడిరి. కొందరు ఉర్దూలోను, మరికొందరు మరాఠీలోను మాటాడిరి. సభ ఓపికతో విన్నది. తరువాత ఆలంపల్లి వెంకటరామారావు అను వకీలు లేచి తెలుగున ప్రసంగము మొదలిడిరి. అంతలో సభలో అల్లరి చెలరేగినది. ఎగతాళి చప్పట్లు, నవ్వులు. ఆయన మాట ముందునకు సాగలేదు. రాజ్యములోని జనులలో దాదాపు సగముమంది ఇంటను బయటను మాటాడుకొను భాష రాజధానిలో, అందును చదువుకొన్నవారి సభలో నవ్వులపాలైనది. సంఘమును సంస్కరింప గూడిన సభలో ఇట్లు జరుగుట ఒక వింత.

ఆ రాత్రి కొందరు తెలుగువారు టేకుమాల రంగారావుగారి ఇంట చేరిరి. వారు పదిపన్నెండుమందికి మించరు. అందరికిని మనస్సు మండుచుండెను. కాని వారు కోపముతో ఇంటికి పోయి పండుకొనలేదు. ఆంధ్ర జనసంఘమను పేర ఒక చిన్న సంఘమును ఏర్పరచుకొని లేచిరి. ఆ కొలదిమందిలో మాడపాటి హనుమంతరావుగారొకరు. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియారేండ్లు.

ఆనాటి అవమానము హనుమంతరావుగారికి స్వయముగా తగిలినది కాదనవచ్చును. ఆయనకు ఉర్దూ బాగుగ వచ్చును. పారసీకము వచ్చును. ఆయన చదివిన చట్టము ఉర్దూలోనిది. ఆయన వాదించు న్యాయస్థానములో నడచునది ఉర్దూయే. అన్నము పెట్టు భాష వేరుగా ఉన్నప్పుడు, ఆ భాష తనకు చక్కగా పట్టువడియున్నప్పుడు, తెలుగుమాటకు సభలో చోటున్నను లేకున్నను ఆయన బ్రతుకునకు లోటు లేదు. అట్టివారు ఆ నగరమున ఎందరో ఉండిరి. వారు సుఖముగానే ఉండిరి. ఆ సుఖము హనుమంతరావుగారికి ఎందుకు చాలకపోయినదో తెలియవలెనన్న ఆయన బాల్యమును, తొలి ఉద్యోగమును చూడవలెను.

హనుమంతరావుగారు 1885 జనవరి 22వ తేదీన కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలో జన్మించిరి. చిన్ననాటనే తండ్రి పోయెను. అందుచేత ఆయన నిజాం రాజ్యములోని సూర్యాపేటలో మేనమామల ఇంట పెరిగిరి. నందిగామకును సూర్యాపేటకును ఎడము చాల లేదు. రెండుచోట్లను మాట తెలుగే. కాని ఎల్ల దాటినంతనే కచేరి మారును, బడి మారును, నాణెమును మారును. ఇటు బ్రిటిషువారి మదరాసు రాజధాని, అటు నిజాము రాజ్యము. ఇటువైపు పిల్లవాడు తెలుగున ఓనమాలు దిద్ది ఇంగ్లీషునకు పోవును. అటువైపు పిల్లవాడు ఉర్దూ గడపను దాటక చదువులోనికి అడుగిడలేడు. మేనమామల నీడన పెరిగిన ఈ బాలుడు ఆ గడపను చక్కగా దాటెను. ఎందరు దాటలేకపోవుచున్నారో కూడ ఆ ఊరిలోనే కన్నులార చూచియుండవలెను.

చదువు ముగించి ఆయన హనుమకొండలో విద్యాశాఖవారి కార్యాలయమున చిన్న ఉద్యోగములో చేరిరి. 1904 మొదలు 1912 వరకు అచ్చటనే ఉండిరి. కాగితములు వ్రాయుట, లెక్కలు సరిచూచుట, పై అధికారికి మిసలు సిద్ధపరచుట, ఇవి అట్టి ఉద్యోగి పనులు. పగలంతయు కచేరికి పోవును. మిగిలినది సాయంకాలము. ఆ 1904వ సంవత్సరముననే హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయము వెలసినది. అంతకు మూడేండ్ల ముందు, 1901 సెప్టెంబరు 1వ తేదీన, కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు మొదలగువారు హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయమును స్థాపించిరి. నిజాం రాజ్యములో తెలుగునకు అదియే తొలి దీపము. రెండవది హనుమకొండది. హనుమంతరావుగారు కచేరి విడిచి ఈ రెండవ దీపమునకు చమురు పోయువారిలో ఒకరైరి.

ఇచ్చట ఉపాధ్యాయులు గమనింపదగిన విషయమొకటి కలదు. గ్రంథాలయమును స్థాపించుట ఒకనాటి వేడుక. దానిని నడపుట ప్రతిదినపు చాకిరి. చందాలు వసూలు చేయవలెను, పుస్తకములు తెప్పింపవలెను, అట్టలు వేయింపవలెను, తీసికొనిపోయినవారి నుండి తిరిగి రాబట్టవలెను. పత్రికలు సకాలమునకు రానప్పుడు మాట పడవలెను. పేరు రాదు. జీతము రాదు. ప్రారంభోత్సవమునాడు ఉపన్యసించినవారు ఎవరును ఈ పనికి నిలువరు. హనుమంతరావుగారు జీవితమంతయు ఎంచుకొన్నది ఇట్టి పనులనే. హైదరాబాదు చేరిన పిమ్మట శ్రీకృష్ణదేవరాయ భాషానిలయమునకు కార్యదర్శిగా ఆ చాకిరినే మరల నెత్తికెత్తుకొనిరి.

1912లో ఆయన హైదరాబాదునకు వచ్చి చట్టములను తర్జుమా చేయు ఉద్యోగమున చేరిరి. ఐదేండ్లు ఆ పని చేసిరి. తర్జుమా పని విసుగు పుట్టించునది. ఒక్క మాట తప్పినను చట్టము అర్థము మారిపోవును. కాని ఆ ఐదేండ్లు ఆయనకు గొప్ప బడి యైనవి. సర్కారు ఏమి శాసించుచున్నది, ఎట్టి మాటలతో శాసించుచున్నది, ఆ మాటలలో ప్రజలకు ఉపయోగపడు సందులు ఎచ్చటనున్నవి అనునది ఆయనకు కరతలామలకమైనది. 1917లో ఉద్యోగము విడిచి వకీలువృత్తిలో ప్రవేశించిరి. ఆ వృత్తియందు ఇరువదియేండ్లకు పైగా ఉండి పేరు గడించిరి.

ఈ పనుల నడుమనే ఆయన కథలు వ్రాసిరి. ఉర్దూలో వెలువడుచుండిన ప్రేమచందు కథలను తెలుగువారికి తొలుత రుచి చూపినవారు ఆయనయే. మల్లికాగుచ్ఛమను కథల సంపుటము ఆయనది. హిందీ రచయితగా దేశమంతట పేరొందిన ప్రేమచందు మొదట ఉర్దూలో వ్రాసినవాడని నేటి విద్యార్థులకు ఎక్కువగా తెలియదు. ఆ కారణముచేతనే హైదరాబాదులోని ఒక తెలుగు తర్జుమాదారు ఆయనను మనవారందరికంటె ముందుగా చదువగలిగెను. హనుమంతరావుగారు కథారచననే పట్టుకొని ఉండినచో సాహిత్యమున మరికొంత పెద్దపేరు వచ్చియుండెడిదేమో. ఆయన కలము అంతకంటె నిరాడంబరమైన దారికి మరలినది.

ఆ దారి ఏదన, ఆంధ్ర జనసంఘము ప్రకటించిన చిన్న పుస్తకములు. 1923లో సంఘము నిజాం రాష్ట్ర ఆంధ్ర జనకేంద్ర సంఘమై విస్తరించినది. హనుమంతరావుగారు కార్యదర్శులైరి. సంఘమునకు ధనము లేదు, అధికారము లేదు. రాజకీయములనిన సర్కారు కన్నెఱ్ఱచేయును. ఇట్టి స్థితిలో పల్లెవానికి చేయగల మేలు ఏమున్నది? వకీలైన హనుమంతరావుగారికి తోచిన ఉపాయము చాల సులభమైనది. సర్కారు తానే ఎన్నియో గస్తీలను, ఫర్మానాలను వెలువరించియున్నది. వానిలో కొన్ని ప్రజలకు మేలు చేయునవి. కాని అవి ఉర్దూలో అచ్చువేయబడి జరీదాలోనే నిద్రించుచున్నవి. పటేలు పట్వారీలకు అవి తెలిసినను చెప్పరు. రైతునకు తెలియు మార్గము లేదు. వానిని వెదకి, ఒకచోట చేర్చి, తేట తెలుగున అచ్చొత్తి పంచిపెట్టినచో ఏ చట్టమునకును విరుద్ధము కాదు. సర్కారు మాటనే సర్కారు ప్రజలకు వినిపించుటలో తప్పు పట్టగలవారెవరు?

ఆ పుస్తకములలో ఒకటి వెట్టిచాకిరిని గూర్చినది. ఆనాడు అధికారి దౌరా వచ్చెననిన పల్లెకు గుండె గుభేలుమనుచుండెను. మూటలు మోయుటకు మనుషులు, కట్టెలు, పాలు, నెయ్యి, కోళ్లు, కుండలు, గుడ్డలుతుకుటకు చాకలి, గడ్డము గీయుటకు మంగలి, అన్నియు ఊరివారే ఈయవలెను. కూలి ఉండదు, వెల ఉండదు. మాల మాదిగల భారమునకు అంతే ఉండదు. తమ సొంత పొలములో విత్తుపడు దినమైనను పిలిచినచో పోవలసినదే. వెట్టిని గూర్చిన సర్కారు నిబంధనలు కాగితముమీద ఉండెను. ఊరిలో ఎవరును ఎరుగరు. ఆ నిబంధనలు తెలుగున చేతికి వచ్చిన పిదప ఊరిలోని చదువు వచ్చిన ఒక్కడు పదిమందికి చదివి వినిపింపగలిగెను. మరియొక పుస్తకము వర్తకస్వాతంత్ర్యమును గూర్చినది. చిల్లర వర్తకులను అధికారులు పెట్టు బాధలకు అది సమాధానము. చేతిపనివారిపై సర్కారు వేయుచుండిన మొహతర్ఫా పన్నును గూర్చియు ఒక పుస్తకము వెలువడినది.

ఇవి సాహిత్యమనిపించుకొనవు. వీనిని చదివి ఆనందించువారుండరు. అయినను తర్జుమాదారుగా గడపిన ఐదేండ్లకును, వకీలుగా నేర్చిన నేర్పునకును ఇంతకంటె సార్థకత ఏమి కలదు? కూటికొరకు నేర్చిన విద్య కూటికే పరిమితమగుట లోకములో సాధారణము. ఉర్దూ వచ్చుట చేత హనుమంతరావుగారు సర్కారు వాకిటిలోనికి ప్రవేశించిరి. ప్రవేశించినవారు సాధారణముగా తలుపు మూసికొందురు. ఈయన లోపలి కాగితములను తీసి వెలుపల నిలిచినవారికి అందించిరి. పగలు చేయు పనియు సాయంకాలపు పనియు ఈ విధముగా ఒకదాని కొకటి తోడైనవి. ఆయనకు వృత్తి ఒక అడ్డు కాలేదు. ప్రజాసేవకు పనిముట్లను సమకూర్చిన కమ్మరికొలిమి అదియే.

అయితే ఈ మార్గము నెమ్మదియైనది. అర్జీలు, విన్నపములు, తీర్మానములు. సర్కారు ఒక్క గస్తీతో దానినంతటిని బిగించివేయగలదు. ఖానిగీ పాఠశాలలను, అనగా ప్రజలు సొంతముగా పెట్టుకొను బడులను, అనుమతి లేక నడపరాదని కట్టడి వచ్చినది. సభ జరుపవలెననిన ముందుగా అనుమతి పొందవలెనను 53వ నంబరు గస్తీ 1929లో వచ్చినది. బడి పెట్టుటకు సెలవు, సభ పెట్టుటకు సెలవు, గ్రంథాలయమనిన అనుమానము. ఆ అనుమతులకై తిరుగుటయే ఒక ఉద్యోగమైనది. హనుమంతరావుగారు ఆ ఉద్యోగమును కూడ జీతము లేక చేసిరి.

1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగినది. 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగవ సభకు హనుమంతరావుగారు అధ్యక్షత వహించిరి. మహాసభతోపాటు మహిళాసభయు జరుగుట ఆచారమై యుండెను. సిరిసిల్ల మహిళాసభకు అధ్యక్షురాలు ఆయన సహధర్మచారిణి మాణిక్యమ్మగారు. ఒకే ఊరిలో, ఒకే సమయమున భార్యాభర్తలిరువురును రెండు సభలకు అధ్యక్షులైరి. ఆడువారి చదువును గూర్చి వేదికపై ఉపన్యసించి ఇంట వేరొక విధముగా నడచుకొనువారు ఆనాడును ఉండిరి. వీరి ఇల్లు అట్టిది కాదు. మరునాటి యేడు ఐదవ సభ షాద్‌నగరులో కొండా వెంకటరంగారెడ్డిగారి అధ్యక్షతన జరిగినది. రంగారెడ్డిగారును వకీలే.

ఇక ఆయన పనులలో నేటివరకు కంటికి కనిపించుచున్నది నారాయణగూడలోని బాలికోన్నత పాఠశాల.

1920ల నాటి హైదరాబాదులో తెలుగింటి ఆడపిల్ల చదువు రెండుమూడు తరగతులతో ముగియుచుండెను. కారణము తల్లిదండ్రుల మూఢత్వమొకటియే కాదు. పై తరగతులలో బోధన ఉర్దూలో సాగును. మగపిల్లవాడైనచో ఉద్యోగమునకై ఎట్లో కష్టపడి నేర్చును. ఆడపిల్లకు ఉద్యోగము లేదు. ఇంట మాటాడని భాషలో భూగోళమును, గణితమును కంఠస్థము చేసి ఆమె ఏమి చేయవలెను? కావున పెద్దలు మాన్పించుచుండిరి. తెలుగున చెప్పు ఉన్నత పాఠశాల ఉండినచో ఆ తల్లిదండ్రులలో కొందరైనను పంపుదురు. ఈ లెక్క హనుమంతరావుగారికి స్పష్టముగా తెలిసినది. 1928లో నారాయణగూడలో ఆంధ్ర బాలికల పాఠశాల ఆరంభమైనది. నగర కొత్వాలుగా నుండిన రాజబహద్దూరు వెంకటరామారెడ్డిగారు మొదలైన పెద్దలు అండగా నిలిచిరి.

బడి పెట్టుట ఒక ఎత్తు. దానికి గుర్తింపు తెచ్చుట మరియొక ఎత్తు. తెలుగున బోధించు ఉన్నత పాఠశాలను గుర్తించుటకు నిజాం సర్కారు అంగీకరింపలేదు. గుర్తింపు లేనిచో పరీక్ష లేదు. పరీక్ష లేనిచో చదివిన పిల్లకు చేత చీటి ఉండదు. ఇతరులు ఇచ్చట రెండు మార్గములలో ఒకటి పట్టియుందురు: బోధనభాషను మార్చి సర్కారు మాట విందురు, లేదా బడిని మూసి సర్కారును తిట్టుదురు. హనుమంతరావుగారు మూడవ దారి వెదకిరి. ఆ దారి పూనాకు పోయినది. 1921లో తెలుగుమాట నవ్వులపాలైన సభకు అధ్యక్షత వహించిన కర్వేగారి ఇంటికే పోయినది.

కర్వేగారి కథ కొంత చెప్పక తప్పదు. ఆయన పూనా ఫెర్గుసన్ కళాశాలలో 1891 మొదలు 1914 వరకు గణితాచార్యులు. పగలు తరగతులు చెప్పును. సాయంకాలము ఊరికి కొన్ని మైళ్ల దూరముననున్న హింగణె గ్రామమునకు కాలినడకన పోవును. అచ్చట వితంతువులకై ఆయన నెలకొల్పిన ఆశ్రమముండెను. రాత్రి అచ్చట పని చూచుకొని తిరిగి కళాశాలకు వచ్చుట ఆయనకు ఏండ్లతరబడి నిత్యకృత్యము. టోక్యో నగరమునందలి మహిళా విశ్వవిద్యాలయమును గూర్చిన ఒక చిన్న పుస్తకము ఆయన చేతికి వచ్చినది. దానిని చూచి మన దేశమునను అట్టిది ఉండవలెనని తలచి 1916లో భారత మహిళా విశ్వవిద్యాలయమును స్థాపించిరి. ఠాకర్సే కుటుంబము పెద్ద విరాళమీయగా తరువాత అది శ్రీమతి నాథీబాయి దామోదర్ ఠాకర్సే పేర ప్రసిద్ధి కెక్కినది. ఆ విశ్వవిద్యాలయపు ముఖ్యనియమము మాతృభాషలో బోధన. ఇంగ్లీషు ఒక పాఠ్యవిషయము మాత్రమే.

హనుమంతరావుగారి బడికి కావలసినది సరిగా ఇదియే. నారాయణగూడ పాఠశాల ఆ విశ్వవిద్యాలయమునకు అనుబంధమైనది. హైదరాబాదులోని తెలుగు బాలిక తెలుగున చదివి, పూనావారి పరీక్షకు కూర్చుండి, ఉత్తీర్ణురాలు కాగల వీలు కలిగినది. తన రాజ్యములో చోటు దొరకని భాష మరాఠీ నాటి విశ్వవిద్యాలయము నీడన నిలువ నేర్చినది. 1921 నాటి సభలో మరాఠీవారును ఉండిరి కదా, వారు నవ్విరి కదా అని కక్ష పెట్టుకొనిన మనిషికి ఈ ఉపాయము తోచెడిది కాదు. ఆనాటి అవమానమును మరువక, పగగా మార్చక ఉంచుకొనుట ఆయన స్వభావములోని మేలిమి గుణము.

పాఠశాలకు ఇల్లు కావలెను. పంతులమ్మలు కావలెను. తెలుగున పై తరగతులు చెప్పగల స్త్రీలు ఆనాడు ఎందరుండిరి? దూరపు పేటలనుండి పిల్లలను తెచ్చుటకు బండ్లు కావలెను. నెల తిరుగగనే జీతము లీయవలెను. అదాలతులో వాదించి వచ్చిన వకీలు సాయంకాలము ఈ లెక్కలను ముందు వేసికొని కూర్చుండవలసి వచ్చెను. పాఠశాలలను నడపు నేటి ప్రధానోపాధ్యాయులకు ఈ బాధ వివరింప నక్కరలేదు. వారికి సర్కారు గ్రాంటైనను కలదు.

హనుమంతరావుగారిని విమర్శించినవారును కలరు. వారి విమర్శను ఉన్నదున్నట్లు చెప్పుట న్యాయము. 1930ల చివర నాటికి యువకులకు అర్జీల మార్గముపై నమ్మకము సడలినది. వెట్టిని గూర్చి పుస్తకములు వేసి ఏండ్లు గడచినను జాగీరులలోను, దొరల గడులలోను వెట్టి సాగుచునే యుండెను. చట్టము తెలిసినంతమాత్రమున దొర చేతిలోని కొరడా క్రింద పడదు. ఆంధ్ర మహాసభలోనికి కొత్తతరము వచ్చినది. 1944లో భువనగిరి సభనాటికి మహాసభ వామపక్షమువారి వశమై మితవాదులు వేరుపడిరి. హనుమంతరావుగారు మితవాదులలోనివారు. తాము నాటిన చెట్టు తమ చేయి దాటి పెరుగుట ఆయన చూచిరి. యువకులు చెప్పినదానిలో సత్యమున్నది. వెట్టి పల్లెలలో నిజముగా కదలినది రైతులు సంఘములై నిలిచిన పిదపనే. కాని ఆ రైతుసంఘపు కార్యకర్తలలో ఎందరో మొదట పత్రిక చదివినది, మొదట సభలో తెలుగున మాట విన్నది ఈ పెద్దలు ఏర్పరచిన గ్రంథాలయములలో, సభలలోనే. వెట్టి అను దానికి అచ్చులో పేరు పెట్టి, ఇది ధర్మము కాదని తెలుగున ముందుగా చెప్పినవారు వీరే.

ఉద్యమపు నాయకత్వము చేయిజారినప్పుడు చాలమంది పెద్దలు చేదెక్కి ఇంట కూర్చుందురు, లేదా నిన్నటి శిష్యులను నిందించుచు పొద్దుపుచ్చుదురు. హనుమంతరావుగారికి నారాయణగూడ బడి ఉండెను. అచ్చట పిల్లలు ప్రతియేడును కొత్తగా వచ్చుచుండిరి. నాయకత్వముతో ఆ పిల్లలకు పని లేదు.

1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసినది. ఉద్యమచరిత్రను ఆయన తెలంగాణా ఆంధ్రోద్యమమను పేర రెండు భాగములుగా వ్రాసిరి. ఆనాటి సంఘములను, సభలను గూర్చి తెలిసికొనగోరువారు నేటికిని ఆ పుస్తకమునొద్దకే పోవలసియున్నది. తరువాత గౌరవములు వరుసగా వచ్చినవి. 1951లో హైదరాబాదు నగరమునకు మేయరైరి. 1955లో పద్మభూషణ బిరుదము వచ్చెను. 1958 మొదలు 1964 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి అధ్యక్షులుగా ఉండిరి. ఒకనాడు తెలుగున నోరు విప్పనీయని నగరమునకు తెలుగువకీలు మేయరగుట చరిత్రలోని చమత్కారము. జనులు ఆయనను ఆంధ్ర పితామహుడని పిలిచిరి. ఈ పదవులను గూర్చి ఇంతకంటె విస్తరించి చెప్పవలసినది లేదు. అవి వచ్చునాటికి ఆయన చేయదలచిన పని చాలవరకు జరిగియుండెను.

1970 నవంబరు 11వ తేదీన, ఎనుబదియైదేండ్లు నిండిన వయస్సున, ఆయన కన్నుమూసిరి. ఆంధ్ర జనసంఘపు తొలిదినముల నుండి తోడుగా నిలిచిన కొండా వెంకటరంగారెడ్డిగారు కూడ ఆ సంవత్సరముననే కాలము చేసిరి. ఎనిమిదేండ్లకు, 1978లో, హైదరాబాదు చుట్టుపట్ల తాలూకాలతో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు దానికి రంగారెడ్డిగారి పేరు పెట్టిరి. మల్కిభరాముని చెరువుగల ఇబ్రహీంపట్నము ఆ జిల్లాలోనే చేరినది. హనుమంతరావుగారి పేరు నారాయణగూడలోని బాలికోన్నత పాఠశాల వాకిట ఉన్నది.